కర్ర మీద రెండు గంట్లు

అప్పలసూరి మావ నాకు తుపాకీ కన్నా ముందు
దాని కర్ర చూపించాడు.
తునికి కర్ర. గొట్టం కన్నా బెత్తెడు పొడుగు.
దాని మీద కత్తితో కోసిన రెండు గంట్లు.
"పై గంటు మూతికి తాకిందా, ఖాళీ.
కింది గంటు దగ్గరే ఆగిపోయిందా,
లోపల ఆడున్నాడు.
నోటి మాట నమ్మకే గుంటా, కర్ర మాట నమ్ము."

ఆనందపురం దాటాక కొండవార మా చామంతి మడి,
గట్టు పొడుగునా చిలగడ దుంప.
దుంపల కోసం వచ్చిన పందులు
పువ్వుల్ని తొక్కేసి పోయేవి.
మావ ఎక్కువసార్లు పందికి కాదు,
చీకటికే పేల్చేవాడు.

కొమ్ములోంచి నేరుగా మందు పొయ్యనిచ్చేవాడు కాదు.
గొట్టం అడుగున ఓ రవ్వ కునుకు తీస్తుంటే
కొమ్మంతా చేతిలోనే లేస్తుందట.
అత్త సున్నపుకాయ కోసి చేసిన ఇత్తడి కొలత,
నిండుగా పోసి, గుట్ట లేకుండా బొటనవేలితో చదును.
నిన్న ఎంతో ఇవాళా అంతే,
పంది పెద్దదైనా, కోపం పెద్దదైనా.
మధ్యలో ఎవరైనా పలకరిస్తే
కొలత వెనక్కి వొంపేసి మళ్ళీ మొదలు.
మాటల్లో పడి రెండుసార్లు పోసినందుకే
ముకుందపాత్రుడి ఎడం చేతికి మూడు వేళ్ళు.

నువ్వుల నూనె రాసిన గుడ్డలో గుండు చుట్టి
మూతిలో పెట్టి,
మొహం పక్కకి, మూతి ఆకాశానికి,
కర్రతో మెల్లగా కిందికి.
"మందుకీ గుండుకీ మజ్జిన గాలి మిగిల్తే
గొట్టమే పగుల్తాది.
సెయ్యి బరువెయ్యి. కోపం ఎయ్యకు."
టోపీ మాత్రం ఆఖర్న.
పందిని చూశాక,
పంది వెనక మనిషి లేడని చూశాక.

ఎలక్షన్లొచ్చాయి.
లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టాలన్నారు.
నేను స్కూటరు నడిపాను, వెనక మావ,
ఒళ్ళో దుప్పట్లో చుట్టిన తుపాకీ.
"లోడుందా?" అన్నాడు రైటరు, తలెత్తకుండానే.
"కాళీ బాబూ. దీపాలమాసకి పేల్చిందే ఆకరు."
కానిస్టేబులు చెయ్యి చాపాడు.
"ఒక్క నిమిషం," అన్నాను.
మావ నా వైపు చూసిన చూపు
ఇప్పటికీ వీపుకి తగులుతుంది.

కర్ర వదిలాను.
ఖాళీ గొట్టమైతే ఖంగుమంటుంది, ఇనుము ఇనుమని చెబుతుంది.
ఇది దబ్బుమంది,
మూట మీద పడ్డ గుద్దులాగ.
పై గంటు మూతికి మూడు వేళ్ళ పైన
నిలబడి ఉంది.

స్టేషను వెనక ఇసక గుట్ట వైపు మూతి తిప్పి
సీసాడు నీళ్ళు పోసి, నానేదాకా కూర్చున్నాం.
కర్ర చివర మరమేకు బిగించి నేనే లాగాను.
గుండు వచ్చింది, గుడ్డతో సహా.
ఆకుపచ్చ గుడ్డ.
పోయిన నెల బావి గిలకలో పడి చిరిగిన నా చున్నీ.
మడతలు నాలుగు వైపులా సమంగా ఉన్నాయి.
చెయ్యి ఏదీ మరిచిపోలేదు.

మావ గుండుని అరచేతిలో పెట్టుకుని
ఎవరిదో అన్నట్టు చూశాడు.

రసీదులో 'తుపాకీ ఒకటి, ఖాళీ' అని రాశారు.
కర్ర ఆయుధం కాదు, తీసుకుపొమ్మన్నారు.
దారంతా మావ పలకలేదు.
తగరపువలస బస్సు మమ్మల్ని దాటాక మాత్రం,
"గంటు లోతుగా కోసినాను," అన్నాడు, "మంచిదయ్యింది."

ఆ రాత్రే వచ్చాయి పందులు.
మావ గట్టు మీద నిలబడి
ఖాళీ నూనె డబ్బాని అదే కర్రతో కొట్టాడు.
ఒకే బరువు, ఒకే ఎడం.
నేను లోపల్నుంచి లెక్కపెడుతున్నాను.
పదకొండో దెబ్బ దగ్గర ఆగి,
చీకట్లోంచి అడిగాడు:
"ఎన్నయ్యాయే, నూకరత్నం?"